నక్షత్రం నిజం, గ్రహం కల్పితం

జూలై 6, ఆదివారం

నా సీరియల్ ‘క్రోధిని’ ఆరో భాగం పొద్దున ఏడింటికి కథల యాప్‌లోకి వచ్చింది. ఇప్పటిదాకా రాసినవాటిలో ఇదే గొప్పగా కుదిరిందని నాకు నేనే చెప్పుకోవాలి. వనపర్తిలో ఇంకెవరూ చెప్పేలా లేరు. మా బడి స్టాఫ్‌రూంలో సైన్స్ ఫిక్షన్ అంటే మర మనుషులు డ్యాన్సు చేసే సినిమా అనుకుంటారు. నా పద్ధతి వేరు. గ్రహాన్ని ఊహిస్తాను గానీ నక్షత్రాన్ని ఊహించను. ఆకాశంలో ఉన్నదాన్నే తీసుకుంటాను. పాఠకుడు డాబా ఎక్కి, వేలు పెట్టి, ‘అదిగో, ఆ కథ జరిగేది అక్కడే’ అని చూపించగలగాలి. నక్షత్రం నిజం, గ్రహం కల్పితం. సైన్సు మాస్టరు రాస్తే అట్లా ఉంటుంది మరి.

క్రోధిని తిరిగేది జ్యేష్ఠ చుట్టూ. వృశ్చికం నడిమధ్య ఎర్రగా వెలిగే చుక్క. మన సూర్యుణ్ణి తీసేసి అక్కడ దాన్ని పెడితే భూమిని, అంగారకుణ్ణి కలిపి మింగేస్తుంది. దాని వికిరణానికి క్రోధిని మీద ప్రతి ఇంట్లోనూ పెద్దకొడుకు ఒక్కడే కూలిపోతాడు. రాణి అరుణాక్షి ఆ వికిరణాన్ని తన చూపులో దాచుకుంటుంది. ఇదంతా పక్కా శాస్త్రీయం. పెద్దకొడుకుల్లో ఒక ప్రత్యేకమైన జన్యువు ఉంటుందని మూడో భాగంలోనే వివరించాను. ఇవాళ్టి భాగం చివర యువరాజుకు అన్న అయిన అగ్రజిత్తు రాణి చూపు తగిలి లోయ అంచు నుంచి జారాడు. సరిగ్గా అక్కడ ఆపేశాను. వచ్చే ఆదివారం దాకా కొట్టుకోవాలి పాఠకులు.

పదిన్నరకు మా సొంతూరు వీపనగండ్ల నుంచి ఫోన్. మా అన్న వెంకట్రాములు పొలానికి పోతూ కాలువ గట్టు మీంచి పడ్డాడట. కాలు విరిగింది.

ఫోన్ పెట్టేసి నా భార్య గీత వైపు చూశాను. మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఊరికే చూశాను.

జూలై 7

అన్నను వనపర్తి దవాఖానకు తెచ్చాం. మోకాలి కింద నుంచి సిమెంటు పట్టీ వేశారు. ఎట్లా పడ్డావంటే, “జారిన. వానకు గట్టంత బురద బురద” అని అటు తిరిగి పడుకున్నాడు. వాన పడి నాలుగైదు రోజులైంది. నొప్పిలో ఏదో అంటాడులే.

అమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. గీత టిఫిన్ బాక్సు పట్టుకుని లోపలికి రాబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు గాడనే ఉండు బిడ్డా. మీద పడేటట్టు రాకు.”

ఇది ఎప్పటి గొడవో. గీతది జ్యేష్ఠ నక్షత్రం. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల భర్త అన్నకు అచ్చిరాదని ఒక మూఢనమ్మకం. పెళ్లిచూపుల్లోనే అందరి ముందూ చెప్పాను, ‘నేను నక్షత్రాల వేడిని నమ్ముత గానీ వాటి ఫలితాల్ని నమ్మ’ అని. గీత ఫక్కున నవ్వింది. ఆ మాటను తర్వాత మూడు సైన్సు సభల్లో వాడుకున్నాను, మూడుచోట్లా చప్పట్లే.

ఇవాళ మాత్రం గీతతో, అమ్మ తృప్తి కోసం కాసేపు బయట బెంచీ మీద కూర్చోమన్నాను. కూర్చుంది. పెద్దవాళ్లతో దవాఖానలో వాదన పెట్టుకోవడం సంస్కారం కాదు.

జూలై 9

గీత పుట్టింటికి, గట్టు అనే ఊరికి వెళ్లింది. వాళ్ల అమ్మకు నలతగా ఉందట. వారంలో వచ్చేస్తుంది.

కుట్టుమిషన్ ఎందుకు తీసుకెళ్లినట్టు? అక్కడ గిరాకీ ఉంటుందేమో.

జూలై 10

పక్కింటి కిష్టమ్మ గోడ మీంచి అడిగింది. “మేడం కనపడ్తలేదు సారూ?”

“ఆషాఢం కదా, పుట్టింటికి పోయింది.”

“పెండ్లై మూడేండ్లాయె. ఇంకా ఆషాఢం ఏంది?”

మా ఇళ్లల్లో అట్లాగే ఉంటుందని చెప్పి లోపలికి వచ్చేశాను. ఈ ఊళ్లో మనిషికి ఏకాంతం అనేది లేదు.

జూలై 13, ఆదివారం

ఏడో భాగం వచ్చింది. అగ్రజిత్తు ఇంకా లోయలోకి జారుతూనే ఉన్నాడు. తొందరపడకూడదు.

అమ్మ చదువుకోలేదు గనుక నా సాహిత్యం జోలికి రాదని ధీమాగా ఉండేవాణ్ణి. ఆ యాప్‌లో వినే బటన్ ఉందన్న సంగతి మరిచాను. కిష్టమ్మ నొక్కి పెట్టిందట. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, మొదటి భాగం నుంచి, పురాణం విన్నట్టు వింటున్నారు. నేను బజారు నుంచి వచ్చేసరికి ఆరో భాగం నడుస్తోంది. యాప్‌లోని ఆడగొంతు ఏ ఉద్వేగమూ లేకుండా ‘అన్న జారెను’ అంటోంది. అమ్మ రెండు చేతులూ జోడించింది.

“సూసినవా కిష్టమ్మా. పొద్దుగాల గీడ పడ్డడు, పది గంటలకు గాడ పడ్డడు. నేను చెప్తే ముసల్ది వాగుతుంది అంటుండ్రి. ఇప్పుడు నా కొడుకే రాసిండు.”

“అమ్మా, అది కథ!”

“నువ్వు సైన్సు మాస్టరువు గాదు? పిల్లలకు అబద్ధాలు చెప్తవా? జ్యేష్ఠ కంటి చూపుకు పెద్దకొడుకులు కూలుతరని నువ్వు రాస్తివా లేదా?”

“గ్రహం కల్పితం అమ్మా.”

“మరి చుక్క?”

చుక్క నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. నా పద్ధతే అది.

మూడేళ్లుగా ఎవరి మాటను కొట్టిపారేస్తూ వచ్చానో ఆమెకు నేనే ఋజువులు అందించానట. కిష్టమ్మ ఈ మాటను వీధంతా మోస్తోంది. నాకు కోపం వచ్చింది. రచయితకు పాఠకులు దొరక్కపోవడం ఒక బాధ, ఇట్లాంటివాళ్లు దొరకడం ఇంకో బాధ.

జూలై 16

గీత ఫోన్ ఎత్తింది. వాళ్ల అమ్మ ఎట్లా ఉందని అడిగాను.

“మా అమ్మకేమైంది? మంచిగనే ఉంది. ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆకాశంల గన్ని చుక్కలుండంగ, మనుషులను సంపే గ్రహానికి నా నక్షత్రమే దొరికిందా?”

“అది ఎర్రగ ఉంటది గీతా. చదివెటోళ్లు సుళువుగ గుర్తుపడ్తరు.”

“రోహిణి గూడ ఎర్రగనే ఉంటది. నువ్వే చూపించినవ్.”

“ఇది మస్తు పెద్దది.”

“ఆర్ద్ర గూడ పెద్దదే. గదీ నువ్వే చూపించినవ్.”

“సంపాదకుడు తెలుగు పేరున్నది కావాలన్నడు.”

“ఇరవై ఏడున్నయి.”

పెళ్లైన కొత్తలో డాబా మీద ఆమెకు ఆకాశం అంతా చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదేమో. ఫోన్ కట్టయింది. గట్టులో సిగ్నల్ సరిగా ఉండదు.

ఆలోచిస్తే అసలు కారణం వేరే. ‘జ్యేష్ఠ’ అన్న మాటలోనే ఒక గాంభీర్యం ఉంది. అంతే, ఇంకేం లేదు.

జూలై 17

ఆరోజు ఊరికే చూశాను. ఫోన్ వస్తే మనిషి ఎటో ఒక వైపు చూస్తాడు కదా.

జూలై 20, ఆదివారం

ఈ చిక్కు విడిపోవాలంటే సాహిత్యమే దారి. ఎనిమిదో భాగంలో క్రోధిని ప్రజలు తమ గ్రహానికి రాకెట్లు బిగించి మొత్తంగా లాక్కుని వెళ్లిపోయారు. జ్యేష్ఠకూ మా ఇంటికీ ఇక సంబంధం లేదు. కొత్త చోటు మూలా నక్షత్రం. దూరం కూడా కాదు, అదే వృశ్చికం తోక.

గీతకు లింకు పంపాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి.

జూలై 21

హెడ్మాస్టరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన కూతురిది మూల. మూలలో పుట్టిన పిల్ల మామకు గండమట. కల్వకుర్తి సంబంధం రేపో మాపో ఖాయమయ్యేదట. అబ్బాయి తండ్రి నా సీరియల్ చదువుతున్నాడట!

“సారూ, మీకు దండం పెడ్త. మా పిల్ల పెండ్లి అయ్యేదాక మీ గ్రహాన్ని జర పక్కకు జరుపుండ్రి.”

ఆయన చేతులు పట్టుకుని బతిమాలుతుంటే నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. కల్వకుర్తి దాకా చదువుతున్నారన్న మాట. యాప్‌లో అచ్చైన భాగాన్ని దిద్దుకోవచ్చు. సాయంత్రానికల్లా క్రోధినిని ఆశ్లేషకు మార్చాను.

జూలై 22

కిష్టమ్మ గిన్నెడు పాయసం తెచ్చింది. ఆమె కోడలిది ఆశ్లేష. ఆశ్లేష అత్తకు అచ్చిరాదని ప్రతీతి.

“ఎంత బాగ రాసిండ్రు సారూ! మా ఇంట్ల సంగతి మీకెట్ల తెలిసింది?”

కోడలు గేటు దగ్గర ఎదురుపడి, నన్ను చూసి ఉమ్మేసింది. పక్కకే ఉమ్మింది, అయినా ఉమ్మేసింది.

యాప్ నడిపే శ్రవణ్ కుమార్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. “సార్, మీ గ్రహం కిరాయికున్నోళ్ల లెక్క ఇండ్లు మారుతుంది. కానీ రీడర్స్ మస్తు పెరిగిండ్రు. పెద్దకొడుకులందరు పరేషాన్‌ల చదువుతుండ్రు. ఆపకుండ్రి.”

స్టాఫ్‌రూంలో సోషల్ మాస్టరు ఇస్రాయేలుతో గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు.

“మాకు గా బాధ లేదు సార్. మాకున్నది ఒకటే నక్షత్రం, బేత్లెహేముల ఆగింది. దాని జోలికి మాత్రం రాకుండ్రి.” గ్లాసు కింద పెట్టి మళ్లీ అన్నాడు. “గ్రహాన్ని గింతగనం జరుపుతుండ్రు గానీ మీరు జరుగుతలేరు. గద్వాల బస్సెక్కితే గట్టు ఎంత దూరం?”

ఆయనకు సాహిత్యం తెలియదు.

జూలై 25

నిన్న అమావాస్యతో ఆషాఢం అయిపోయింది. పొద్దున్నే గోడ మీద కిష్టమ్మ తల కనిపించింది. శ్రావణానికి కూడా మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉందని చెబుదామనుకున్నాను గానీ ఏ ఆచారమూ గుర్తు రాలేదు.

వంటింట్లో మిషన్ ఉండే చోట నాలుగు కాళ్ల గుర్తులు. ఊడ్చినా పోవడం లేదు.

జూలై 27, ఆదివారం

ఎవరూ పుట్టని నక్షత్రం కావాలి నాకు. టెలిస్కోపుకు తప్ప కనపడని ట్రాపిస్ట్-1 పెట్టాను. చుట్టూ నిజంగానే ఏడు గ్రహాలున్నాయి, మనం ఒకటి కలిపితే ఎవరికి అడ్డం? దానికి తెలుగు పేరు లేదు, జాతకం లేదు, మామలు, అత్తలు, బావలు లేరు. 

అమ్మ అరుగు మీద విని, లోపలికి వచ్చింది. “గిది ఏ కార్తె కొడుకా?”

“దానికి కార్తె లేదమ్మా.”

“కార్తె లేని చుక్క చుక్కనా? గాడ వానలెట్ల పడ్తయి? విత్తనం ఎప్పుడేస్తరు?” గొంతు తగ్గించి అడిగింది. “జ్యేష్ఠను ఎందుకు ఇడిసిపెట్టినవ్? గీత అడిగిందా?”

“గీత ఏమీ అడగలేదు.”

“అంటే నీకే భయమైంది.”

తొమ్మిదో భాగం కింద ఎప్పుడూ వచ్చే వ్యాఖ్యల్లో సగం కూడా రాలేదు. ఒకాయన మాత్రం ప్రతి ఆదివారం రాసేదే మళ్లీ రాశాడు. ‘పెద్దోడు బతికిండా లేదా చెప్పు.’ పేరు లేదు, ఫోటోలో ట్రాక్టరు.

జూలై 29

వీపనగండ్ల నుంచి వదిన ఏడుస్తూ ఫోన్ చేసింది. అన్న ఇంట్లో లేడు. కాలికి పట్టీతోనే ఆటో మాట్లాడుకుని ఎక్కడికో పోయాడు. చంక కర్రలు కూడా పట్టుకెళ్లాడట.

సాయంత్రం తెలిసింది, గట్టుకు వెళ్లాడు. మరదలిని తీసుకురావడానికి.

అమ్మ అరుగు మీదే కూలబడింది. “పోయి పోయి ఆమె కాడికే పోయిండా! రెండో కాలు గూడ పోగొట్టుకుంటడు!”

నేను లోపలికి వచ్చేశాను. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవడం నాకు అలవాటు లేదు.

జూలై 30

అన్న ఫోన్ చేశాడు. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది.

“తమ్మీ, మరదలు రానంటుంది. నేను బతిమిలాడిన, కాల్లు మొక్కుదామంటే వంగనొస్తలేదు. జొన్నరొట్టెలు మంచిగ చేస్తుండ్రు. నేను గూడ నాలుగొద్దులు ఈడనే ఉంట.”

“అన్నా, నువ్వు ఆ ఇంట్ల ఉండుడు ఏంది?”

“ఎందుకు, ఏమైతది?”

ఏమవుతుందో నా నోటితో చెప్పలేకపోయాను. అన్నకు ఏమన్నా అయితే అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణం గురించి రాయడానికి ఈ డైరీలో కూడా చెయ్యి రావడం లేదు.

ఆగస్టు 2, శనివారం

గట్టుకు వెళ్లి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మామ తిమ్మప్ప వాకిట్లోనే “బర్రి, బర్రి” అని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లాడు. రాయచూరు దగ్గరవడంతో ఆ ఇంట్లో రమ్మనే పిలుపు కన్నడంలోనే ఉంటుంది. విత్తనాల కోసం వేసిన సీడ్ పత్తి చేనికి మందు కొట్టి వచ్చి, ఆ వాసనతోనే ఉన్నాడు. అన్న మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. మూలన గీత మిషన్ తొక్కుతోంది. నన్ను చూసి ఆపలేదు.

నేను దారి పొడుగునా తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ట్రాపిస్ట్-1 గురించి. దానికి కార్తె లేకపోవడం గురించి. అన్న చెయ్యెత్తి ఆపాడు.

“ఇగ ఆపు తమ్మీ. నేను ఎట్ల పడ్డనో ఈమెకు చెప్పిన, నీకు గూడ చెప్త. సిగ్గయి చెప్పలే. గా దినం ఆదివారం, ఏడింటికి నీ కథ వస్తదని తెల్సు. పొలం కాడికి పోవుకుంట ఫోన్ల చదువుతున్న. పెద్దోడు లోయ మీద నిలబడ్డడు. నేను గట్టు మీద నడుస్తున్న. వాడు జారిండు. నేను ఫోన్ల నుంచి తల ఎత్తలే. నేనూ జారిన.”

ట్రాక్టరు ఫోటో ఎవరిదో అప్పుడు తెలిసింది. అన్న ఏడో తరగతి తర్వాత బడి మానేశాడు. నా కథను మొదటి నుంచీ వదలకుండా చదివినవాడు అతనొక్కడే.

నాకు అమాంతం సంతోషం వచ్చింది. సైన్సు మాస్టరు సంతోషం. “సూసినవా గీతా! కారణం దొరికింది! నక్షత్రానికి ఏ సంబంధం లేదు, ఋజువైంది!”

గీత మిషన్ ఆపింది.

“నీకు ఇయ్యాల దొరికింది కారణం. నాకు గా దినమే తెల్సు, కాలు ఇరిగిందంటే ఎక్కడనో జారిండని. ఒక్కటి చెప్పు. ఫోన్ పెట్టేసినంక, కారణం తెల్వకముందు, నువ్వు ఎవల దిక్కు చూసినవ్?”

ఊరికే చూశానని చెప్పడానికి నోరు తెరిచాను. ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో ఆ మాట. అక్కడ, ఆమె ముందు, రాలేదు.

“నీ దిక్కు.”

“ఎందుకు?”

“నీ నక్షత్రం యాదికొచ్చింది.”

అన్న గోడ వైపు తిరిగాడు. మామ లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. గీత కళ్లనిండా నీళ్లు, కానీ గొంతు మారలేదు.

“మీ అమ్మ అడ్డం చెయ్యి పెడితే నాకు బాధ కాలే. ఆమె ఎప్పుడు గట్లనే. నువ్వు సభలల్ల చెప్పిన మాట నమ్మి వచ్చిన నేను. గా చూపు ఒక్కటే నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది.”

నా సీరియల్‌లో చూపుతో మనుషుల్ని పడగొట్టే రాణిని పెట్టాను. ఆ చూపు నాదే. తప్పైందని చెప్పాను, ఏడ్చాను కూడా. ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత అంది.

“గిది నాకు చెప్తే సాలదు. మీ అమ్మ ముందర చెప్పు. నేను ఫోన్ల వింట.”

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున ఫోన్ స్పీకర్‌లో పెట్టి అరుగు మీద ఉంచాను. అమ్మ ఎదురుగా కూర్చుంది. గోడ మీద కిష్టమ్మ, పొమ్మన్నా పోలేదు. అటువైపు గీత, అన్న.

చెప్పాను. అన్న పడ్డాడనగానే గీత నక్షత్రమే గుర్తొచ్చిందని, మూడేళ్లు సభల్లో చెప్పిందంతా ఆ ఒక్క చూపుతో అబద్ధమైందని, గీత తప్పు ఏమీ లేదని.

అమ్మ ముఖం వెలిగిపోయింది. “సూసినవా! నీకు గూడ లోపట ఉండె!”

ఫోన్‌లోంచి అన్న అరిచాడు. “అవ్వా, నేను వీని కథ చదువుకుంట పడ్డ! చుక్క లేదు, పాడు లేదు!”

“మరి గా కథల ఉన్నది ఎవల చుక్కరా?”

కిష్టమ్మ ‘అవును గదా’ అంది. ఇంకో ఉదాహరణ, ఇంకో ఋజువు, ఇంకో నక్షత్రం వెతకబోయాను, అలవాటుగా. ఆపుకున్నాను.

“అమ్మా, గా చుక్కను కథల పెట్టింది నేను. అన్న కాలు ఇరగ్గొట్టింది నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు. నా భార్య చుక్క మాట ఈ ఇంట్ల ఇంకొక్కసారి ఇనపడితే, మేమిద్దరం వేరే ఇల్లు చూసుకుంటం. గిది కథ కాదు.”

అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. “రమ్మను మరి. ఎవలు వద్దన్నరు” అని లోపలికి పోయింది. ఒప్పుకున్నట్టా కాదా నాకు తెలియదు. పోతూ పోతూ, “ఇయ్యాల కథ రాలేదా?” అని కూడా అడిగింది.

రాలేదు. శ్రవణ్ కుమార్ పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాడు. ఎత్తలేదు.

స్పీకర్‌లో అన్న గొంతు. “తమ్మీ, గిదంత సరే. పెద్దోడు బతికిండా?”

“బతికిండు అన్నా. కాలు ఒక్కటే ఇరిగింది.”

“హమ్మయ్య” అన్నాడు. తర్వాత ఫోన్ చేతులు మారిన చప్పుడు.

“మిషన్ బరువుంది” అంది గీత. “బావకు కాలు మంచిగ లేదు, నాయిన చేనుకు పోయిండు. ఎత్తాల్నంటే ఇద్దరుండాలె. నువ్వే రా.”